మరకను అడిగిన మనిషి

ఆదివారం పొద్దున తమ్ముడు నందిగామ నుంచి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, పెయింటర్ గారు పోయారంట. జగ్గయ్యపేట వెళ్తున్నా, నువ్వూ రా" అన్నాడు. ఆ పెద్దాయనే లేకపోతే ఈ ఫోన్ నాకు వచ్చేది కాదు. ఆ సంగతి చెప్పుకోవాలనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

జగ్గయ్యపేట బజారులో ఒకప్పుడు సగం కొట్ల బోర్డులు ఆయన చేతి రాతే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. గేట్లకీ కిటికీలకీ, ముక్త్యాల రేవులో మా పడవలకీ రంగులు వేసుకుంటూ బతికారు. డబ్బా మూత తీసే ముందు పడవ చుట్టూ రెండుసార్లు తిరిగేవారు. రంగు కలిపి, బొటనవేలి గోరు మీద ఓ చుక్క పెట్టుకుని ఎండలో చూసుకునేవారు. చూసేవాళ్ల ఓపిక చచ్చిపోయేది. "రంగు దేన్నైనా కప్పేస్తుంది బాబూ, అందుకే తొందరపడి వెయ్యకూడదు" అనేవారు.

రెండేళ్ల కిందట మా అన్నదమ్ములకి చెడింది. పడవకి ఇంజను పెట్టిద్దామని వాడు, తెడ్లు చాలని నేను. మాటా మాటా పెరిగి, వాడు నందిగామ వెళ్లి ఆటో తోలుకోవడం మొదలుపెట్టాడు. వాడు వెళ్లిన వారానికే పడవ పక్కచెక్కల మీద నెత్తురు కారినట్టు ఎర్రటి చారలు కనిపించాయి. ఏట్లో తిరిగొచ్చేసరికి మాయం. మళ్లీ వారానికి ప్రత్యక్షం. ఎవరో చేతబడి చేయించారని రేవులో గుసగుసలాడారు. నాకసలే ముక్కు మీద కోపం. చేయించింది మా తమ్ముడేనని నలుగురి ముందూ అనేశాను. ఆ మాట వాడి చెవిన పడింది. అమ్మకి ఫోన్ చేయడం కూడా మానేశాడు. అమ్మ నాకు అన్నం పెట్టేది గానీ, పక్కన కూర్చునేది కాదు.

మరకలు కనపడకుండా నల్లరంగు వేయమని పెయింటర్ గారిని పిలిపించాను. ఆ రోజు శనివారం. నేను అప్పుడే పడవ కడిగాను, చారలు ఎర్రగా ఉన్నాయి. ఆయన అలవాటుగా రెండుసార్లు తిరిగారు. మరకని చెరిపేముందు ఎక్కణ్ణుంచి వచ్చావని దాన్ని అడగాలి అంటూ, నన్ను అడగడం మొదలుపెట్టారు. తమ్ముడున్నప్పుడు పడవ ఎవరు కడిగేవారు? వాడే. దేంతో? ఉత్త ఏటినీళ్లతో. ఇప్పుడెవరు? నేను. దేంతో? చేపల జిగురు పోవాలని బట్టల సోడా కలిపిన నీళ్లతో.

రేవు పక్కనే మా ఇల్లు. అమ్మని పిలిచి పడవకి పూజ ఎప్పుడు చేస్తావని అడిగారు. అమ్మ శుక్రవారం శుక్రవారం పడవ ముందుకొనకి గంగమ్మ పేరు చెప్పి తడిపసుపు పూస్తుంది. అది పక్కచెక్కల మీదికి కారి ఆరిపోతుంది. వెలిసిపోయిన రంగు మీద ఎవరి కంటికీ ఆనదు. ఆయన చిటికెడు పసుపు గోరు మీద పెట్టుకుని, నా బకెట్లోంచి ఒక చుక్క వేశారు. చూస్తుండగానే ఎర్రబడింది.

పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయని దిష్టి తీసే ప్రతి ఇంట్లోనూ తెలుసు. సోడా కూడా అదే పని చేస్తుందని నాకు తట్టలేదు. ఏటినీళ్లకి సోడా కడుక్కుపోతే ఎరుపూ పోయేది. ఆ మరకలు చేసింది నా చెయ్యే. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"నీకు తెలీక కాదు బాబూ," అన్నారాయన. "కోపంలో ఉన్నోడు మరకని చూడడు, మనిషిని వెతుక్కుంటాడు."

డబ్బా మూత తీయకుండానే సంచిలో పెట్టేసుకున్నారు. నన్ను నందిగామ బస్సెక్కించి, పక్కన కూర్చున్నదీ ఆయనే. ఒక్కణ్ణే అయితే సగం దారిలో చిల్లకల్లులో దిగి వెనక్కి వచ్చేసేవాణ్ణి. ఆటోస్టాండులో తమ్ముడు మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. జరిగిందంతా ఆయనే చెప్పారు. నా నోట వచ్చింది ఒక్కటే, "తప్పు నాదేరా" అని.

వాడు ఆటో అద్దం తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే, "సోడా ఎందుకేసావన్నయ్యా, చెక్క పాడైపోదూ" అన్నాడు. ఆటో మానలేదు గానీ, ఆ వారం నుంచీ శనివారాలు వచ్చి పడవ తనే కడుగుతున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నమాజు చదివాక పెయింటర్ గారి జనాజా లేచింది. మేమూ భుజం పడతామంటే ఆయన కొడుకులు జరిగి చోటిచ్చారు. నేనొక వైపు, తమ్ముడొక వైపు. వాడు నాకన్నా జానెడు పొడుగు. ఆయన ఒక పక్కకి ఒరగకుండా, ఖబరస్తాన్ దాకా వాడు మోకాళ్లు వంచి నడిచాడు.