గంగారాం బండి నంబరు

నేను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌గా రిటైరవడానికి పదకొండు నెలల ముందు, జూన్ మొదటి వారంలో, నన్ను పాత బండ్ల తనిఖీకి వేశారు. నిజామాబాద్ జిల్లాలోనే ఒక ఆఫీసు, ఏదో చెప్పను. యాభై ఏళ్లు దాటిన కారుకు వింటేజ్ కింద ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇవ్వాలంటే ముందు అది అసలు బండేనని తేల్చాలి. తేల్చే కమిటీలో ముగ్గురం: మా ఆర్టీఓ, నేను, హైదరాబాద్ నుంచి పిలిపించిన ఒక నిపుణుడు. ఆయన ఇంట్లో పాత కార్లు ఉన్నాయట. నిపుణుడనడానికి అంతకు మించి అర్హత ఏముందో నాకు ఈనాటికీ తెలియదు.

మొదటి దరఖాస్తే గంగారాంది. బోధన్‌లో మెకానిక్‌గా పనిచేసి, కాళ్లనొప్పులు మొదలయ్యాక రెంజల్ చేరిన డెబ్బై దాటిన మనిషి. ముప్పై ఏళ్ల కిందట కోటగిరిలో ఒక చెరుకు రైతు షెడ్డులో తుప్పు పడుతున్న కారును కొని, ఒక్కో సామాను వెతికి తెచ్చి నడిపించుకున్నాడు. అది మామూలు బండి కాదని, కంపెనీ వాళ్లు ఒక ఉత్సవానికి ప్రత్యేకంగా చేసిన కొద్ది బండ్లలో ఒకటని అప్పటి నుంచీ చెబుతూ వచ్చాడు. విన్నవాళ్లంతా నవ్వారు. ఇప్పుడు సర్కారు కాగితం మీద ఆ మాట రాయించుకోవాలని వచ్చాడు.

ఆ ప్రత్యేక బండికీ మామూలు బండికీ పైకి కనిపించే తేడాలు మూడే: రెండు రంగుల పెయింటు, ముదురు ఎరుపు సీట్లు, డ్యాష్‌బోర్డు మీద చిన్న ఇత్తడి పలక. డబ్బులుంటే ఈ మూడూ ఎవడైనా చేయించుకోగలడు. అందుకే మేము నంబర్లు చూస్తాం. నిపుణుడి దగ్గర కంపెనీ పాత పుస్తకం నుంచి తీసిన జాబితా ఉంది. గంగారాం బండి చాసిస్ నంబరు అందులో ఉంది. ఉన్నా ఆయన పెదవి విరిచాడు.

కంపెనీలో చాసిస్ నంబరు యంత్రంతో కొడతారు. అంకెలన్నీ ఒకే లోతున, ఒకే వరుసలో వస్తాయి. గంగారాం దరఖాస్తుతో ఇచ్చిన ఫోటోలో ఒక అంకె లోతుగా, ఒక అంకె పైపైన ఉన్నాయి. అంటే సుత్తితో, చేత్తో కొట్టిన నంబరు. మామూలు బండి తెచ్చి దాని మీద ప్రత్యేక బండి నంబరు కొట్టుకున్నారని నిపుణుడు తేల్చేశాడు. “మెకానిక్ కదండీ, ఇంట్లోనే కొట్టుకుని ఉంటాడు” అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన నిలబడే ఉన్నాడు. బండి కిందికి వంగింది లేదు, ఒక్క చోట చెయ్యి పెట్టింది లేదు. చొక్కా నలుగుతుందని కాబోలు.

గంగారాం ఒక్కటే మాట చెప్పాడు. “సారూ, గా నంబరు మీ ఆఫీసోళ్లే కొట్టిండ్రు. బోధన్ల క్యాంపు వెట్టినప్పుడు.” తుప్పుతో నంబరు చెరిగిపోతే ఆఫీసు అనుమతితో ఇన్‌స్పెక్టరే దాన్ని మళ్లీ కొట్టే పద్ధతి ఉంది. రీ-పంచింగ్ అంటాం. కొట్టాక ఆ సంగతి ఆఫీసు రిజిస్టర్లోనూ ఆర్సీ బుక్కులోనూ రాయాలి. గంగారాం బుక్కులో అలాంటి రాత లేదు. మా ఆర్టీఓ పాత రిజిస్టర్లు తీయించాడు. వాటిలోనూ లేదు.

నేను గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాను. పాత నంబరును గ్రైండర్‌తో చెరిపేస్తే ఆ చోట ఇనుము పల్లమవుతుంది, వేలికి తెలుస్తుంది. ఇక్కడ పల్లం లేదు, తుప్పు తిన్న గుంతలే ఉన్నాయి. పలుచని కాగితం అద్ది, పెన్సిల్ పక్కవాటుగా రుద్ది నంబరు ప్రింటు తీశాను. వెలుతురులోకి తెచ్చి చూస్తే 8 అంకె కింది సున్నా ఒక పక్క తెగి ఉంది. అంకెల కింద సన్నగా గీసిన గీత ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అంకెలు కొట్టే మా ఆఫీసు పంచ్ సెట్టులో 8 అలాగే విరిగి ఉండేది. వరుస తప్పకుండా ముందు సూదితో గీత గీసుకోవడం నా ఒక్కడి అలవాటు. తోటివాళ్లు ఎగతాళి చేసేవారు. ఆ నంబరు కొట్టింది నేనే. క్యాంపులో హడావిడిగా కొట్టి, వివరాలు చీటీ మీద రాసుకుని, ఆఫీసుకు వెళ్లాక ఎక్కిద్దామని జేబులో పెట్టుకుని ఉంటాను. ఎక్కించలేదు. బండీ గుర్తులేదు, మనిషీ గుర్తులేడు.

అక్కడే, అందరి ముందే చెప్పాల్సింది. పదకొండు నెలలుంది, విచారణ పడితే పెన్షన్ ఆగుతుందని లెక్కలు వేసుకుంటూ ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నాను. “గీ తలనొప్పి మనకెందుకు, రాసి పంపియ్. పోలీసోళ్లు సూస్కుంటరు” అన్నాడు ఆర్టీఓ. నంబరు దిద్దారన్న ఫిర్యాదు ఆ మధ్యాహ్నమే వెళ్లింది. పోలీసులు బండిని ట్రాక్టర్‌కు గొలుసు కట్టి ఠాణాకు ఈడ్చుకుపోయారు. ముందు బంపర్ వంగిపోయింది. గంగారాం ఆ బండి వెనకాలే నడుచుకుంటూ పోయాడు. ఆ నిపుణుణ్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఆర్టీఓను తలుచుకున్నా మండుతుంది. కానీ వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. తెలిసీ ఇంటికెళ్లి అన్నం తిన్నాను చూడండి, ఆ సిగ్గులేనితనాన్ని ఏమనాలో నాకు తోచదు.

నాలుగో రోజు గంగారాం భార్య నర్సవ్వ ఆఫీసుకు వచ్చింది. ఎవరిని అడగాలో తెలియక గేటు దగ్గర నిలబడి, ఖాకీ బట్టల్లో ఉన్న నన్ను చూసి దగ్గరికి వచ్చింది. “సారూ, పొద్దుగాల ఠాణకు వోతే మాపటికి ఇడుస్తున్నరు. నాలుగొద్దులాయె. దొంగబండి అన్నందుకు ఊర్లె మొకం ఎత్తుకుంటలేడు. మీ ఆఫీసోళ్లే కొట్టిండ్రని మొత్తుకుంటుండు. గట్ల కొట్టినోళ్లు ఎవలన్న ఉంటే జర జెప్పమనున్రి.” నన్ను నిందించడానికి ఆమెకు కారణం తెలియదు. అడిగింది అడిగినట్టే అడిగింది. నేను “ఉన్నరు అక్కా, చెప్తరు” అన్నాను.

వెంటనే ఠాణా ఆవరణలోకి వెళ్లి బండి వెనక సీటు ఎత్తించాను. కింద పసుపు పొడి పేరుకుని ఉంది. మార్కెట్‌కు పసుపు మూటలు కూడా వేసుకెళ్లినట్టున్నాడు. దాన్ని తుడిస్తే రేకు మీద బాడీ నంబరు కనిపించింది. చాసిస్ నంబరు కాక కంపెనీ వాళ్లు కొట్టే రెండో నంబరు అది. తుప్పు అంటలేదు, సుత్తి తగల్లేదు. నిపుణుడికి ఫోన్ చేసి ఆయన జాబితాలో ఆ చాసిస్ నంబరు పక్కనున్న బాడీ నంబరు చదవమన్నాను. ఆయన చదివింది, నా ముందున్నది ఒకటే. బాడీ నంబరు అప్పుడెందుకు చూడలేదని అడిగాను. సీటు కింద మురికిగా ఉందన్నాడు. నేను ఫోన్‌లో అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు.

సాయంత్రంలోపే నా తప్పు నా చేత్తో రాసి, పెన్సిల్ ప్రింటు, పాత పంచ్ సెట్టుతో అప్పట్లో కొట్టిన ఇంకో రెండు బండ్ల ఫైళ్లలో దొరికిన ప్రింట్లు జతచేసి ఆర్టీఓకు ఇచ్చాను. ఆయన కాగితం వెనక్కి తోశాడు, రిటైరయ్యే ముందు ఇదేం పిచ్చి అన్నాడు. తీసుకోకపోతే పైఆఫీసుకు నేనే పంపుతానన్నాను. తీసుకున్నాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు, బండి విడిచారు. కమిటీ అసలు బండే అని రాసింది. నా మీద విచారణ పడింది, ఇంక్రిమెంటు కోశారు. కోయాల్సిందే.

ఆర్సీ బుక్కు పట్టుకుని గంగారాం వచ్చాడు. కొట్టింది నేనేనని చెప్పాను. ఎన్నడు గుర్తొచ్చిందని అడిగాడు. మొదటి రోజేనని చెప్పాను.

ఆయన బుక్కు తెరిచి నా ముందు పెట్టి, “రాయున్రి” అన్నాడు. రీ-పంచింగ్ వివరం, నంబరు రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాను. అంకె అంకెకూ వేలు పెట్టి చదువుకున్నాడు. బుక్కు సంచిలో పెట్టుకుంటూ, “రెండు నిమిషాల పని గద సారూ” అన్నాడు. నమస్తే చెప్పకుండానే వెళ్లిపోయాడు.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. నంబరు కొట్టినప్పుడు ఆ బండి పక్కన నిలబడే బుక్కులో రాయండి. రాయడం మరిచిపోయామని తెలిసిన రోజున, నాలుగు రోజులు ఆగకండి.