సాంసన్ తొవ్వ బొమ్మ

కొత్తకోట ఆర్టిస్టు సాంసన్‌కు ఒకే ఒక్క జబ్బు. పెళ్లికార్డు వెనకవైపు పెళ్లింటికి చేర్చే తొవ్వ బొమ్మ గీయకుండా ఉండలేడు. తొవ్వ బొమ్మ గీస్తే, ఆ తొవ్వలో తగిలేవాళ్లను తిట్టకుండా ఉండలేడు. బస్సు దిగిన చోటు నుంచి పెళ్లివారి గుమ్మం దాకా ప్రతి చెట్టూ, మలుపూ, మోరీ ఆ బొమ్మలో ఉంటాయి. వాటి పక్కనే చీమతలకాయంత అక్షరాలతో సాంసన్ అభిప్రాయాలు ఉంటాయి. ఆ అభిప్రాయాల్లో మంచిది ఒక్కటంటే ఒక్కటి కూడా ఉండదు.

కార్డు ముందువైపు చూస్తే మాత్రం ముద్దొస్తుంది. హైవే మీద లారీలకు నెమళ్లూ పులులూ వేసిన చెయ్యి అది. స్టిక్కర్లొచ్చి ఆ పని మింగేశాక ఆ చెయ్యి కార్డుల మీద పడింది. నల్ల ఇంకుతో ఒక్క బొమ్మ గీసి, జిరాక్స్ తీయించి, ఒక్కొక్క కార్డుకూ కుంచెతో పసుపో ఎరుపో అద్దుతాడు. ప్రెస్సువాళ్లు రెండు వందల కార్డులకు తక్కువైతే వచ్చినవాడి మొహం కూడా చూడరు. సాంసన్ ముప్పైకైనా గీస్తాడు. పుణెకో ముంబైకో పనికిపోయి, పెళ్లికి మాత్రమే ఊరికొచ్చే కూలీజనానికి చాయ్ ధరకు కార్డు దొరికేది ఆయన దగ్గరే. తిట్లు ఉచితం.

ఈ ఉచితం వల్ల నష్టపోయేవాడు ఖాజా మియా. బస్టాండు ఎదురుగా ఉన్న సల్మా జిరాక్స్ ఆయనదే. దాని వరండాలోనే తొమ్మిదేళ్లుగా సాంసన్ బల్ల. ఖాజా మియా ఒక్క ఆధార్ కాపీ కోసం వచ్చినవాడికి కూడా సలాం చెప్పి స్టూలు వేసే మనిషి. ఆయన స్టూలు వేస్తాడు, సాంసన్ లేపి పంపుతాడు. ఇద్దరి వ్యాపారం ఇలాగే సాగుతోంది.

ఒకరోజు కోడేరు నుంచి శ్రీశైలం అనే కుర్రవాడు కార్డుల కట్ట చంకలో పెట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

“ఏందన్న గిది? మా చెల్లె పెండ్లికార్డు మీద ఏం రాసినవు? ‘ఈ మలుపు కాడ ఒక కుక్క ఉంటది. కరవదు. దాని యజమాని కరుస్తడు.’ గాయన ఎవరో ఎర్కనా? మా పెద్దమామ!”

“కరవడా?” అన్నాడు సాంసన్ కుంచె కడుక్కుంటూ.

శ్రీశైలం కార్డుల కట్ట ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. “కరుస్తడు. గని కార్డు మీద రాస్తరానె?”

“కొత్త చుట్టాలొస్తరు గద. జర జాగ్రత్తల ఉంటరు.”

“మరి గిదేంది? ‘ఇది నీళ్ల ట్యాంకు. దీంట్ల నీళ్లుండయి. రంగు మాత్రం ఏటేటా ఏస్తరు.’ సర్పంచ్ చూస్తె నా గతేంగావాలె?”

“గా రంగు ఏసింది నేనే. నాకెర్కలేదా?”

ఖాజా మియా నెత్తి కొట్టుకుని, కుర్రవాడికి చాయ్ పోయించి, బతిమాలి పంపాడు. మళ్లీ గీయించే టైము లేక శ్రీశైలం ఆ కార్డులే పంచాడు. తర్వాత తెలిసిందేమిటంటే, పెళ్లిరోజు ఆ పెద్దమామ కుక్కను కట్టేసి, తెల్లచొక్కా తొడుక్కుని, తానే మలుపులో నిలబడి వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ దారి చూపించాడట. ఇది విన్నా సాంసన్‌కు రవ్వంత సంతోషం కలగలేదు. “కార్డు చూసి నవ్విండు, లేకుంటె కరిచెటోడే” అన్నాడు.

ఇక ఫోన్లో లొకేషన్ అనే మాట ఆయన ముందు ఎత్తకూడదు. వనపర్తి ల్యాబులో పనిచేసే నవ్య తన కార్డు తానే గీయించుకోవడానికొచ్చి, తెలియక ఎత్తింది.

“అంకుల్, ఎనక మ్యాపు వద్దు. లొకేషన్ పంపుత అందరికి.”

“లొకేషనా? మొన్న శ్రీరంగాపూర్ దిక్కు ఒక పెండ్లికొడుకు కారును నీ లొకేషన్ వరిమడిల దింపింది. షేర్వానీ మోకాలు దాంక బురద. బర్రెలు నయం, చూసినయి గని నవ్వలే.”

అందుకని ప్రతి పెళ్లింటికీ తానే బస్సెక్కి పోతాడు. బస్టాపు నుంచి గుమ్మం దాకా అడుగులు లెక్కబెడుతూ నడుస్తాడు. దారిలో ఎవరైనా చాయ్ తాగమంటే తాగి, ఆ చాయ్ గురించి కూడా కార్డు మీద రాస్తాడు.

వీటన్నిటికంటే ఖాజా మియాకు సిగ్గనిపించేది సాంసన్ అడిగే మొదటి ప్రశ్న. లోకంలో ఎవరైనా కార్డుకు ముందు పేర్లు అడుగుతారు, ముహూర్తం అడుగుతారు. సాంసన్ మాత్రం పెన్ను మూత తీసి, “మీ ఇంట్ల అలిగినోళ్లెవరు?” అంటాడు.

“ఎవ్వరు లేరు” అంటారు వాళ్లు.

సాంసన్ పెన్ను మూత పెట్టేస్తాడు. అప్పుడు ఒక్కొక్కరే బయటపడతారు. బట్టలు పెట్టలేదని అలిగిన మేనత్త, కూరలో బొక్కలే వచ్చాయని అలిగిన బావ, ఎందుకు అలిగాడో తానే మరిచిపోయి అలకను మాత్రం కాపాడుకుంటున్న చిన్నాన్న. సాంసన్ అన్నీ రాసుకుంటాడు. మందిమాటల పిచ్చి అనుకున్నాడు ఖాజా మియా. పైగా ప్రతి ఆర్డరులోనూ కట్టలోంచి నాలుగైదు తెల్ల కాగితాలు మాయమయ్యేవి. వయసు మీదపడి గీత తప్పుతున్నాడు, ఒప్పుకోవడానికి నామోషీ అనుకున్నాడు.

అలాంటి సమయంలో ఖాజా మియా బిడ్డ సల్మాకు నిఖా కుదిరింది.

కుదిరిన రోజునుంచీ ఖాజా మియాకు నిద్ర లేదు. కారణం గద్వాలలో ఉంది. దాని పేరు జహంగీర్ మియా. ఖాజా మియాకు సొంత అన్న, గద్వాలలో చీరల కొట్టు. పదకొండేళ్ల కింద తమ్ముడు ఆ కొట్టు వదిలి కొత్తకోటలో జిరాక్స్ మిషన్ పెట్టుకుంటే, “మంది కాగితాలకు నకళ్లు తీసి బతుకుతడంట!” అని అలిగాడు. తమ్ముడు కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు పిలిచాడు. సల్మా పది పాసైతే పిలిచాడు. రెండు రంజాన్లకు పిలిచాడు. నాలుగుసార్లూ జవాబు ఒక్కటే. “కొత్తకోట దాంక వచ్చిన. మీ గల్లీ దొర్కలే. ఎన్కకు పోయిన.” గల్లీ దొరకకపోవడానికి కొత్తకోట ఏమన్నా హైదరాబాదా? బస్టాండు దాటితే మసీదు, మసీదు మలుపు తిరిగితే నీలం గేటు. చిన్నపిల్ల కూడా కనుక్కుంటుంది. అబద్ధం చెప్పేవాడికి కొంచెం కష్టపడాలన్న ఇంగితమైనా ఉండాలి.

సల్మా మాత్రం పెదనాన్న కోసం మొండికేసింది. నిఖాలో పెళ్లికూతురి దగ్గరికొచ్చి ఒప్పుకోలు అడిగే పెద్దమనిషిని వకీలు అంటారు. “వకీలుగ బడే అబ్బానే కూసోవాలె. గద్వాలల నన్ను బుజాల మీద ఎక్కించుకొని బజారంత తిప్పింది ఆయననే. ఇంకెవరన్న వచ్చి ఖబూలా అని అడిగితె నేను నోరు తెరువ” అంది.

ఈ సంకటంలో ఖాజా మియా ఇంకో తప్పు చేశాడు. సాంసన్‌కు చెప్పకుండా వనపర్తిలో బంగారు అంచు కార్డులు అచ్చువేయించాడు. అన్నకు ఇచ్చే కార్డు మీద తిట్లు ఉంటే ఇంకేమన్నా ఉందా? సాంసన్ కట్ట చూడనే చూశాడు. ఒకటి తీసి వాసన చూశాడు.

“అత్తరు గూడ పూసిన్రు. చదివెటోడు తుమ్ముతడు” అని కింద పెట్టేశాడు.

ఖాజా మియా ఆ కార్డు పట్టుకుని గద్వాలకు పోయాడు. జహంగీర్ మియా చాయ్ తాగించాడు, కార్డు కళ్లకద్దుకున్నాడు, తుమ్మాడు. “ఇన్షా అల్లా వస్త. గల్లీ దొరికితె” అన్నాడు.

ఖాజా మియా తిరిగొచ్చి, పదకొండేళ్లుగా అన్నది అదే గల్లీ మాట అని గొణుగుతూ షాపులో కూలబడ్డాడు. సాంసన్ పెన్ను మూత తీశాడు.

“భాయ్, మీ ఇంట్ల అలిగినోళ్లెవరు?”

తొమ్మిదేళ్లలో ఖాజా మియా గొంతు లేవడం ఆ ఒక్కసారే. “నీకు మంది ముచ్చట లేకుంటె అన్నం అరగదా? నా ఇంటి సంగతి నీకెందుకు? నీ పని నువ్వు చేస్కో!”

సాంసన్ పెన్ను మూత పెట్టేశాడు. మర్నాడు బల్ల దగ్గర లేడు, ఆ మర్నాడూ లేడు. చేస్తానని ఒప్పుకున్న చదివింపుల కవర్లు, స్వీటు డబ్బాల మీది పేర్ల చీటీలు సగంలో పడున్నాయి. ఆయన భార్య విజయమ్మను అడిగితే “నాగర్‌కర్నూల్ల పనుందని పోయిండు” అంది. పెళ్లి రెండు రోజులుందనగా చెక్కేశాడని ఖాజా మియా మనసారా తిట్టుకున్నాడు.

నిఖా రోజున నీలం గేటు ముందునుంచి మసీదు మలుపు దాకా షామియానా వేశారు. సాంసన్ ఏమీ ఎరగని మొహం పెట్టుకుని విజయమ్మతో సహా దిగి, బిర్యానీలో ఉప్పు ఎక్కువైందని చెప్పి, రెండోసారి పెట్టించుకున్నాడు. మధ్యాహ్నం జొహర్ నమాజ్ అయిపోయింది. ఖాజీ రిజిస్టరు తెరిచి “వకీలు ఎవరు?” అన్నాడు. ఖాజా మియా తల దించుకున్నాడు. లోపల సల్మా నోరు తెరిచేలా లేదు.

అప్పుడు మలుపు దగ్గర కేక వినిపించింది.

“సాంసన్ అనెటోడు ఎవడు? బయటికి రమ్మను!”

జహంగీర్ మియా! చేతిలో తెల్లటి కార్డు. మలుపు దగ్గరే ఆగిపోయి, ఒక్క అడుగు కూడా లోపల పెట్టకుండా అరుస్తున్నాడు.

“మొన్న నా కొట్టుకొచ్చిండు. నలభై చీరలు విప్పించిండు. ఒక్కటి కొనలే. రంగులు బాగలేవని చెప్పి, గిది గల్లపెట్టె మీద పెట్టి పోయిండు. వినుండ్రి ఏం రాసిండో! ‘ఇది గద్వాల జహంగీర్ మియా గడప. పదకొండేండ్ల సంది అరగలే. ఈడ చెప్పులు ఏసుకోవాలె. ఎడమది ఎడమ కాలికి. ఇది గద్వాల బస్టాండు. బస్సు మీద పేరు రాసి ఉంటది. చదువు రాకుంటె కండక్టర్‌ను అడగాలె. ఇది బీచుపల్లి బ్రిడ్జి. కృష్ణ దాటినంక ఎన్కకు తిరగొద్దు. ఇది పెబ్బేరు. సంతల ఎద్దులుంటయి. మీ కంటె మొండియి కావు.’”

జనం నవ్వు ఆపుకోలేక గడ్డాలు పట్టుకున్నారు. ఖాజా మియా మాత్రం నెత్తి పట్టుకున్నాడు. ఉన్న ఒక్క ఆశా ఈ సాంసన్ చేతిలో తగలబడిపోయింది.

“ఇంగ గిది వినుండ్రి! ‘ఇది కొత్తకోట బస్టాండుల చెరుకురసం బండి. జహంగీర్ మియా ఈడ దాంక గూడ ఎన్నడు రాలే. ఇంట్ల కూసోనే గల్లీ దొర్కలే అంటడు.’ అబద్దం!” జహంగీర్ మియా కార్డు పైకెత్తి ఊపాడు. “పచ్చి అబద్దం! నాలుగుసార్లు వచ్చిన నేను. చెరుకురసం బండి కాదు, ఇగో, ఈ మలుపు దాంక వచ్చిన! నీలం గేటు కనవడింది. దాని మీది మల్లెతీగ కనవడింది. సల్మా సైకిల్ గూడ కనవడింది!”

జనం గడ్డాలు వదిలేశారు.

“మరి లోపలికెందుకు రాలే, భాయ్‌జాన్?” అన్నాడు ఖాజా మియా.

“ఎవరన్న చూసి పిలుస్తరేమో అని నిలవడ్డ” అన్నాడు జహంగీర్ మియా నేల చూస్తూ. “ఎవ్వరు చూడలే.”

సాంసన్ ప్లేటు కింద పెట్టి, చేయి కడుక్కుని వచ్చాడు. జహంగీర్ మియా చేతిలోంచి కార్డు తీసుకున్నాడు.

“అయితె నా బొమ్మ తప్పు” అన్నాడు.

తొమ్మిదేళ్లలో ఖాజా మియా ఆ నోటి నుంచి వినని మాట అది. సాంసన్ చెరుకురసం బండి దగ్గరి రాత కొట్టేశాడు. మసీదు మలుపు దగ్గర నిలబడ్డ మనిషి బొమ్మ ఒకటి గీశాడు, టోపీతో సహా. కార్డు తిరిగి చేతిలో పెట్టాడు.

“ఈడికెల్లి గేటుకు ముప్పై ఆరు అడుగులు. కొలిచిన. నడువుండ్రి.”

అంతలో గేటు తెరుచుకుంది. పెళ్లికూతురు బయటికి రాకూడదని లోపల ఆడవాళ్లు అరుస్తూనే ఉన్నారు. “బడే అబ్బా!” అని పిలుపు వినిపించింది. జహంగీర్ మియా తల ఎత్తాడు, నడిచాడు. గేటు పట్టుకుని వెనక్కి తిరిగి, కళ్లు తుడుచుకుని, మళ్లీ అరిచాడు.

“ఓ ఆర్టిస్టూ! ముప్పై నాలుగే అయినయి! ఇది గూడ తప్పే!”

“తప్పు గాదు” అన్నాడు సాంసన్. “మీరు జర ఉరికిండ్రు.”

వకీలు కుర్చీలో జహంగీర్ మియా కూర్చున్నాడు. సల్మా నోరు తెరిచింది. ఖాజా మియా విజయమ్మ పక్కకు పోయి, “అక్కా, గద్వాలకు పొమ్మని ఎవరన్నరు ఆయనను?” అని అడిగాడు.

“ఎవరంటరు? నాగర్‌కర్నూల్ అని నేనే నీకు అబద్దం చెప్పిన. ప్రతి పెండ్లికి పోతడు, అలిగినోళ్ల ఇంటికి. వాళ్ల గడపకెల్లి వేరేగ తొవ్వ గీసి ఇచ్చి వస్తడు” అంది విజయమ్మ. “మా పెండ్లికి మూడు మూటల బియ్యం వండిన్రు, తమ్మీ. సగం మంది రాలే. అడిగితె తొవ్వ దొర్కలే అన్నరు. మా వాడకు ఉన్నదే ఒక్క తొవ్వ.” అని పకపకా నవ్వింది. “నాకైతె మంచిగయింది. వారం దినాలు పొయ్యి ముట్టియ్యలే.”

ఖాజా మియా నవ్వలేకపోయాడు. మాయమైన తెల్ల కాగితాలన్నీ ఆయనకు గుర్తొచ్చాయి.

మర్నాడు వరండాలో సాంసన్ ఎవరి మీదో చిరాకుపడుతూ మామూలుగానే కూర్చున్నాడు. ఖాజా మియా కొత్త ఆర్డరు కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. పైన పది కాగితాలు ఎక్కువే పెట్టాడు.

“గీత తప్పి పాడుచేయకు, కాగితం పిరమైంది” అని కసిరి, లోపలికి పోయి మిషన్ ఆన్ చేశాడు.