కాళ్ళొచ్చిన జంపరు

బర్నీ రేవు పక్క హాల్లో శనివారం శనివారం పాత కంప్యూటర్ల పిచ్చివాళ్ళు చేరతారు. అందరికంటే ముందొచ్చి టీకి నీళ్ళు పెట్టేది మెర్విన్ టక్‌వెల్, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేసి రిటైరైన మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మూత తీసిన కంప్యూటరు పెట్టెలోకి కొంగలా మెడ వంచి, ముందుగా కేబులు ఎర్ర అంచును వేలితో నిమురుతాడు. అది తిరగబడలేదని తేలాకే నోరు విప్పుతాడు. "డిస్కుని తిట్టడం ఆఖరి పని" అంటాడు. ఒకే కేబులుకి రెండు డిస్కులుంటే ఏది పెద్దో ఏది చిన్నో తేల్చేది డిస్కు వెనక పిన్నుల మీద గుచ్చే బియ్యపుగింజంత జంపరు. రెండూ పెద్దరికానికి పోతే ఏదీ పలకదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా.

బెరిల్ హోస్కిన్ పెట్టెకి ప్రతివారం అదే జబ్బు. ఆవిడ పెట్టెతోపాటు నిమ్మకాయ కేకూ మోసుకొస్తుంది. చూడగానే రోగం తెలిసినా, కేకు అయ్యేదాకా మెర్విన్ "కేబులేమో..." అని నసుగుతూనే ఉంటాడు. ఈ శనివారం ఆవిడ వానలో తడిసొచ్చి, పెట్టె దించి, నొప్పెట్టిన మణికట్టు పట్టుకు కూర్చుంది. మెర్విన్ నసగలేదు. జంపరు లాగి సరైన చోట గుచ్చాడు.

"ఏమ్మా బెరిల్, జంపర్లకి కాళ్ళొస్తాయా, వారం వారం వాటంతటవే చోటు మారడానికి?"

ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. "ఎప్పుడు కనిపెట్టావయ్యా?"

"రెండోసారే. ఇంక ఈ బరువు మొయ్యకు. ఊరికే రా."

"ఊరికే ఎందుకొచ్చావని వీళ్ళడిగితే?"

మెర్విన్ జంపరును మళ్ళీ లాగి, తప్పు చోటే గుచ్చి, పెట్టెను తన బల్ల కిందికి తోశాడు.

"ఇంకా బాగవలేదని చెప్పు."