అడుగున పడుకున్న గుల్లలు

మా ఇంట్లో మూడు తరాలుగా సముద్రం మీద బతుకుతున్నాం. సముద్రాన్ని చూసినవాళ్ళు మాత్రం, మా అమ్మాయిని మినహాయిస్తే, ఒక్కరూ లేరు. తాత, నాన్న, నేను ముగ్గురమూ సముద్రానికి దూరంగా, అడవుల మధ్య కొంటా ఊళ్ళో ఎండుచేపల వ్యాపారులమే. కోస్తా నుంచి లారీల్లో దిగిన బస్తాలు విప్పి, చుట్టుపక్కల సంతల్లో అమ్ముతాం. వాసన చూసి ఏ సరుకు ఎన్నాళ్ళదో చెప్పగలిగేవాణ్ణి. ఆ చేప బతికున్నప్పుడు ఏం తినేదని ఎవరైనా అడిగితే, "నేనేమన్నా వండిపెట్టానా?" అనేవాణ్ణి.

చింతపండు కాలంలో నా భార్య పోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. నాకు ఏడుపు రాలేదు. వేళకు తిన్నాను, వేళకు పడుకున్నాను. ఒక్కటే తేడా. ఎండుచేపల బస్తాల మధ్య కూర్చున్నా వాసన తెలియడం మానేసింది. ఈ వ్యాపారంలో ఉన్నవాడికి అది కూడా ఒక వరమే కదా అని నాలో నేనే ఒక జోకు వేసుకున్నాను. నవ్వు రాలేదు.

సంతకు వెళ్ళడం మానేశాను. మరైగూడ వారపు సంతలో మాకొక జాగా ఉంది. ఇప్పచెట్టు నీడ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పడే జాగా. దానికి కాగితం లేదు, రసీదు లేదు. ఎవరింట్లోనైనా చావో పురుడో జరిగితే పక్కవాళ్ళు వాళ్ళ జాగాలో ఖాళీ గోనెసంచి పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెడతారు. మూడు సంతల దాకా దాన్ని ఎవరూ తొక్కరు. నాలుగో సంత పొద్దున సంచి తీసేస్తారు. ముందెవరొస్తే వాళ్ళది. ఈ నియమం నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఆ జాగాను నేను సంపాదించింది అలాగే. ఒక గాజులాయన తల్లి పోయి, నాలుగో సంతకు కాస్త ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే నా బుట్టలు పరిచేసి ఉన్నాయి. ఆ రోజు నా భార్య నాతో మాట్లాడలేదు. పద్దెనిమిదేళ్ళు మాత్రం అక్కడే కూర్చుని అమ్మింది. బేరం నా వంతు, మనుషులు ఆమె వంతు. వచ్చినవాళ్ళతో వాళ్ళ దోర్లీలో, గోండీలో మాట్లాడి నవ్వించేది. తూకం అయ్యాక గుప్పెడు కొసరు వేసేది. నా కంట పడకుండా వేసేదని నాకు తర్వాతే తెలిసింది.

నేను మానేసి పదిహేను సంతలు దాటాయి. జాగా పోయిందనే లెక్కేసుకున్నాను. అది పోతే మరైగూడ లేదు. మరైగూడ లేకపోతే మిగతా సంతలకు పోయినా ఒకటే, పోకపోయినా ఒకటే. తెలుసు. లేవబుద్ధి కాలేదు.

మొదటి వానలకు అమ్మాయి సెలవుల మీద వచ్చింది. విశాఖపట్నంలో సముద్రజీవుల చదువు చదువుతోంది. ఒక రోజు పొద్దున్నే నెత్తళ్ళనే చిన్న ఎండుచేపల బస్తా వసారాలో గుమ్మరించి, ముక్కినవి ఏరుతూ నన్నూ పిలిచింది.

"నాన్నా, కాలేజీలో నేనొకటి మాట్లాడాలె. ముందు నీకు చెప్త. నీకు అర్థమైతే ఇంకెవరికైనా అర్థమైతది."

"నన్ను తూకపురాయిని చేసినవా? కానీ."

నెత్తళ్ళు తినే తిండి పేరు ప్లాంక్టన్ అట. నీళ్ళలో తేలుతూ, ఎటు తోస్తే అటు పోయేవి. చాలావరకు కంటికి ఆనవు. కొన్ని ఎండతోనే బతుకుతాయి, కొన్ని సాటివాటిని తింటాయి. ఫోనులో బొమ్మలు చూపించింది. కొన్ని గాజు డబ్బీల్లా ఉన్నాయి, కొన్ని సున్నపు పలకలు అతికించుకున్న బంతుల్లా ఉన్నాయి. కోట్ల ఏళ్ళ కింద ఆకాశం నుంచి పెద్ద రాయి పడిందట. దుమ్ము, మసి కమ్మి ఎండ పోయింది. భూమ్మీద పెద్ద పెద్ద జంతువులు పోయాయి. సముద్రంలో ఈ నలుసుల్లోనూ లెక్కలేనన్ని జాతులు పోయాయి. కొన్ని మాత్రం మిగిలాయి.

"ఏవి మిగిలినయ్? గట్టివా?"

"కాదు."

"అందమైనవా?"

"అవే ముందు పోయినయ్. పెద్ద పెద్ద గుల్లలు, నగిషీలు, ఒక్క లోతులోనే బతుకుత, ఒక్క రకం తిండే తింట అన్నవి. చిన్నగా, మోటుగా, ఏది దొరికితే అది తినేవి ఎక్కువగా మిగిలినయ్. ఎండ మీద బతికేవాటిల్లో కూడా కొన్ని, ఎండ లేనప్పుడు తమకంటే చిన్నవాటిని మింగి గడిపినయ్ అంటరు."

"అంటే దుకాణంలో ఒక్క సరుకే పెట్టుకోని రకం."

"అట్లనే అనుకో. ఇంకొన్ని పడుకున్నయ్. చుట్టూ మందంగా గుల్ల కట్టుకుని, అడుగుకు పోయి, బురదలో పడి ఉన్నయ్. తినుడు లేదు, పెరుగుడు లేదు."

నెత్తళ్ళు ఏరుతున్న నా చెయ్యి ఆగింది. బేరగాడి బుద్ధి ఊరుకోదు కదా, అడిగాను. "రాయి పడతదని వాటికి ముందే తెలుసా?"

"ఎట్ల తెలుస్తది? ప్రతి ఏడూ చలి వస్తది, తిండి కరువైతది. దానికని పడుకునుడు ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. రాయి పడ్డప్పుడు అదే పనికొచ్చింది. కొన్నిటికి ఉత్త అదృష్టం కూడా. ఏది ఎందుకు మిగిలిందో ఇంకా తేలలేదు నాన్నా, ఇప్పటికీ కొట్లాడుకుంటనే ఉన్నరు."

"పడుకున్నదేదో, చచ్చిందేదో ఎట్ల చెప్పాలె?"

"బయటి నుంచి చూస్తే చెప్పుడు కష్టం. మేం బురద తెచ్చి, నీళ్ళు పోసి, వెలుతురులో పెడతం. కొన్ని తెరుచుకుంటయ్." ముక్కిన చేపను పక్కకు విసిరింది. "కొన్ని తెరుచుకోవు."

ఆమె నన్ను ఓదార్చడానికి చెప్పలేదు. నా ముఖం కూడా చూడలేదు. తన ఉపన్యాసం సంగతి తను చూసుకుంది. "ఎట్లుంది?" అంది. "ధర ఎక్కువ చెప్పినవ్, సరుకు మంచిదే" అన్నాను.

మరైగూడ సంత రోజున రెండే బుట్టలు కట్టాను. నెత్తళ్ళు, రొయ్యపొట్టు. పెద్ద చేపలు, ఖరీదైన రొయ్యలు ఇంట్లోనే వదిలేశాను. ధైర్యం వచ్చి కాదు. మోసే ఓపిక లేక. ఆటోలో దారి పొడుగునా బేరం సిద్ధం చేసుకున్నాను. జాగాలో ఎవరున్నా సగమైనా విడిపించుకోవాలి, వాళ్ళేం అడుగుతారు, నేనెంత దగ్గర ఆగాలి. నోటికి అలవాటైన పని. లోపల ఏమీ కదల్లేదు.

అనుకున్నట్టే జాగా ఖాళీగా లేదు. మా పక్కన మిరపకాయలు అమ్మే దోర్ల తెగ ముసలామె తన బుట్టలు ఇటువైపు జరిపేసింది. సగం మిరపకాయలు ఆమె జాగాలో, సగం మాదాంట్లో. నాకు కోపం కూడా రాలేదు. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి, చేశాను కూడా. బుట్టలు దించి మొదలుపెట్టాను.

"అవ్వా, చెట్టు వైపు నువ్వే ఉంచుకో. ఈ పక్క నాకియ్యి. వారానికి గుప్పెడు రొయ్యపొట్టు..."

"ఏంది సేటూ, వచ్చుడు వచ్చుడే బేరమా?" లేచి, తన బుట్టలు ఒక్కొక్కటే ఆ పక్కకు లాక్కుంది. వాటి కింద, నా భార్య పోయినప్పుడు పరిచిన గోనెసంచి అలాగే ఉంది. నాలుగు మూలలా రాళ్ళు. "పదిహేను వారాలు మధ్యాహ్నం దాటినంక నీ జాగాలో ఎండకు కూసున్న, సగం మిరపకాయలు తెల్లబడ్డయ్. కూసో."

"మూడు సంతలేగా లెక్క?"

"నా మనవరాలు పుట్టిన యేడు నేను రెండు నెలలు రాలే. నా సంచి మీద మీ ఇంటామె తన బుట్ట పెట్టి కూసున్నది. నీకు జెప్పలే?"

"చెప్పలేదు."

"జెప్తే నువ్వు నన్ను కిరాయి అడుగుతవని అన్నది."

పక్కనున్న ఉప్పు అమ్మే అతను గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాలి కాబట్టి నవ్వాను. అడిగేవాణ్ణే. అందులో అబద్ధమేమీ లేదు.

కూర్చున్నాను. మొదటి బేరానికి వచ్చినామె పావుకిలో రొయ్యపొట్టు తూయించుకుని, సంచి మూతి మూయకుండా పట్టుకుని నిలబడింది. నాకు అర్థం కాలేదు. "కొసరు, సేటూ" అంది ముసలామె పక్క నుంచి. పద్దెనిమిదేళ్ళుగా నా వీపు వెనక జరిగిన వ్యవహారం. గుప్పెడు వేశాను. ఆమె ఇంకా మూయలేదు. ఇంకో సగం గుప్పెడు వేశాక మూసింది. అంటే నా భార్య చెయ్యి నా చేతికి ఒకటిన్నర.

సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మాయి అడిగింది, ఏం పోయింది, ఏం మిగిలింది అని.

"రొయ్యపొట్టు మొత్తం పోయింది. నెత్తళ్ళు సగం మిగిలినయ్."

"జాగా?"

"ఉంది."

నేను పెరట్లోకి వెళ్ళాను. చేతులు కడుక్కునే ముందు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏదో వాసన ఉన్నట్టే అనిపించింది. మిరపకాయల ఘాటేమో కూడా, గట్టిగా చెప్పలేను. కాసేపు కడుక్కోకుండా అలాగే నిలబడ్డాను.