మిగిలిపోయిన ఆకుపచ్చ

మా తోడికోడలు గేదె బొమ్మకు నీలం వేస్తుంది. ఎందుకమ్మా అంటే, "ఏమో అక్కా, దానికి అదే బాగుంటుందనిపించింది" అంటుంది. చూసినవాళ్ళు ఆ గేదె ముందే నిలబడిపోతారు. నా కడుపు మండదా మరి?

మగవాళ్ళు పనులకు వెళ్ళాక వెనక గదిలో ఇద్దరం బొమ్మలు వేసుకుంటాం. నేను పద్ధతిగా నేర్చుకున్నదాన్ని. కాన్వాసు మీద గళ్ళు గీసి, కొండ ఎత్తు కొలిచి, పెన్సిలుతో అంతా సరిచూసుకున్నాకే కుంచె పడతాను. తను బట్టలు కుట్టే మనిషి. మిషను దగ్గర్నుంచి లేచి వచ్చి, కాన్వాసు నేల మీద పరిచి, ఒక్క గీతైనా గీయకుండా రంగు పూసేస్తుంది. దాని చుట్టూ తిరుగుతుంది. ఏ మూలైనా తోకో చెవో కనబడితే జంతువును బయటికి లాగుతుంది. కనబడకపోతే ఉత్త రంగులే వదిలేస్తుంది. అవీ బాగుంటాయి, అదీ నా ఖర్మ.

గ్యాలరీ ఆయన్ని ఇంటికి రప్పించడానికి నేను కాళ్ళరిగేలా తిరిగాను. రాబోయే ప్రదర్శనలో ఒక్క బొమ్మకే చోటుంది. అది నాదేననుకున్నాను. నా కొండను కిటికీ వెలుగులో నిలబెట్టాను. ఆయన కాసేపు చూసి, "చాలా నీట్‌గా ఉందండీ" అన్నారు. నా చేతిరాతను మెచ్చుకున్నట్టనిపించింది. తర్వాత వెనక్కి అడుగేస్తూ, నేల మీదున్న మా తోడికోడలి కాన్వాసును తొక్కబోయి ఆగారు.

"దీనికి పైవైపు ఏదమ్మా?"

"ఇంకా తేల్చుకోలేదండీ," అంది మా తోడికోడలు, పక్కనే కూర్చుని గౌను అంచు మడుస్తూ.

ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డారు. "ఈ జంతువు పొట్ట దగ్గర ఆకుపచ్చ ఉంది చూశారూ, ప్రాణం ఉంది దీంట్లో. ఎలా కలిపారు?"

"నాకు కలపడం రాదండీ. అక్క పని అయ్యాక రంగులు కలిపే పలక మీద మిగిలింది గీకి పారేస్తుంది కదా, అది తీసుకుంటాను. ముందు అదే పూస్తా. తర్వాత ఏం వెయ్యాలో అదే చెప్తుంది. నా బొమ్మలన్నీ అంతే."

ఆ ఆకుపచ్చ కోసం ఎన్ని తంటాలు పడ్డానో నాకు తెలుసు. నా కొండ మీద అది గోడకు కొట్టిన రంగులా పడి ఉంది. తన జంతువు పొట్టలో ఊపిరి పీలుస్తోంది.

ఆయన ఆ బొమ్మనే ఎంచుకున్నారు. కింద పేరు ఏం రాయమంటారని అడిగితే, ఈ మహాతల్లి "మా ఇద్దరి పేర్లూ రాయండి" అంది.

"నా పేరేం అక్కర్లేదు," అన్నాను. జాలిపడి ఇచ్చే చోటు నాకెందుకు? తన మొహం చిన్నబోయింది. అబద్ధమెందుకు, నాకు కాస్త హాయిగా అనిపించింది.

మర్నాడు కొత్త కాన్వాసు మీద మరో కొండ మొదలుపెట్టి, ఆ ఆకుపచ్చే మళ్ళీ కలిపాను. పలక మీద చుక్క కూడా మిగలకూడదని కొంచెమే కలిపాను. కొండ సగానికి వచ్చేసరికి రంగు అయిపోయింది.