పెట్టెలోంచి తీసేసినవి

యూనివర్సిటీ హాస్టలుకు పోయేవాళ్లు ఏమేం తీసుకుపోవాలా అని ఆలోచిస్తారు. మా ఇంట్లో మాత్రం ఏమేం తీసుకుపోకూడదా అని పంచాయితీ జరిగింది. పంచాయితీ పెద్ద మా మామ, అమ్మకు సొంత తమ్ముడు. తాడిపత్రిలో ఏదో ఆఫీసులో అటెండరు. లోకం తెలిసినవాడని మా వీధిలో ఆయనకు పేరు. ఆ రోజుల్లో ఆయన్ను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడూ మండుతుంది, కాకపోతే ఆయన మీద కాదు.

మాది యాడికి దగ్గర ఒక పల్లె. నాయన నాపరాళ్ల పాలిష్ మిషన్ దగ్గర కూలి. అమ్మ శెనక్కాయలు ఉన్న కాలంలో శెనక్కాయల పనికి, లేని కాలంలో దొరికిన పనికి పోయేది. ఊరికీ మా వీధికీ మధ్య ఒక వంక ఉంది. అందులో నీళ్లు పారగా నేను చూసింది తక్కువ. నీళ్లున్నా లేకపోయినా అది దాటి వచ్చి మాతో కలిసి కూర్చున్న ఊరివాళ్లు లేరు. ఆదివారం మేము చర్చికి పోయేవాళ్లం. సర్టిఫికెట్‌లో మాత్రం ఎస్సీ, హిందూ. ఉన్నది ఉన్నట్టు రాయిస్తే ఎస్సీ పోయి బీసీ-సీ అవుతుంది. అప్పుడు నాకొచ్చిన సీటు నాది కాకుండా పోతుంది. ఈ సంగతి మా వీధిలో పాలు తాగే పిల్లలకూ తెలుసు. వీధంతా ఆదివారం ఒక తీరు, ఎమ్మార్వో ఆఫీసులో ఒక తీరు.

ఇది మోసమని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. దేవుణ్ణి మార్చుకున్నాం గానీ వీధి మారిందా? టీ అంగట్లో మా గ్లాసు మారిందా? కాగితంలో హిందువులమే, గంగమ్మ గుడి మెట్టెక్కితే కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. మాకు పూజారి దాకా పోయే దారే లేదు.

నాకు సీటొచ్చిన ఏడు కూడా వానల్లేవు. ఊళ్లోవాళ్లు గంగమ్మకు పొంగళ్లు పెట్టారు. మా వీధి ఆడవాళ్లు ఉపవాస ప్రార్థనలు చేశారు. వాన ఎవరి మాటా వినలేదు. ఆ ఒక్క విషయంలో వంకకు అటూ ఇటూ సమానంగా న్యాయం జరిగింది.

నాయన సంతలో ఒక పాత రేకుపెట్టె కొని, దానికి నీలం రంగు తనే పూశాడు. అందులో అమ్మ నా బట్టలు, శెనక్కాయల పొడి, రాగిపిండి సర్ది, అన్నిటి మీదా ఒక తెల్లగుడ్డ పరిచి, దాని మీద నల్ల అట్ట గ్రంథం పెట్టింది. మా వీధిలో బైబిలును గ్రంథమనే అంటారు. అమ్మకు చదువు రాదు. నేను బళ్లో అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టిన నాటి నుంచి సాయంత్రాలు నేనే చదివి వినిపించేదాన్ని. విత్తనం కాయలు మిషన్‌కు వేస్తే గింజ పగులుతుందని రైతులు చేత్తోనే వలిపించేవాళ్లు. వేసవి చివర్లో మా ఇంటి ముందర అమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు కాయల కుప్ప చుట్టూ కూర్చుని వలుస్తుంటే, నేను గడప మీద కూర్చుని చదివేదాన్ని. త్వరగా లేవాలని ఒక్కోసారి మధ్యలో ఒక పేజీ ఎగరగొట్టేదాన్ని. అమ్మ వలుస్తున్న చెయ్యి ఆపకుండానే, "మింగినావు. వెనక్కి పో" అనేది. అక్షరం రాని మనిషికి పుస్తకం మొత్తం చెవుల్లో ఉండేది.

మామ వచ్చి పెట్టె మూత తెరిచాడు. గ్రంథం చూసి నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అక్కా, నీకేమన్నా మతి ఉండాదా? దీన్ని పెట్టి పంపిస్తాండావా?"

"పెట్టకుండా ఆడపిల్లను ఒంటిగా ఎట్లా పంపల్ల?"

"రూములో ఇంకో పిల్ల ఉంటాది. ఆ పిల్ల సూస్తాది. ఇంకొకరికి చెప్తాది. సీటు రాని వాడెవడో అర్జీ పెడతాడు. అంతే, సీటు గోవిందా."

అమ్మ ముందు ఆయన గోవిందుణ్ణి తలిచినందుకు నాకు నవ్వొచ్చింది. మిగతా ఎవరూ నవ్వలేదు. ఏదో ఊళ్లో ఒక పిల్లకు అట్లనే జరిగిందని మామ చెప్పాడు. ఏ ఊరని అడిగితే, "ఏ ఊరైతే నీకెందుకు పాపా, జరిగిందా లేదా అనేది సూడు" అన్నాడు. అది నిజమో కాదో కనుక్కునే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

అమ్మ మాత్రం తగ్గలేదు. "అయితే దేవుణ్ణి ఇంట్లో పెట్టి బీగం యేసి పొమ్మంటావా?"

"దేవుడు అంతటా ఉంటాడని నువ్వే గదక్కా చెప్పేది. అంతటా ఉండేవాడు ఆడ మాత్రం ఉండడా? పెట్టెలో కూచోనే పోవల్లనా?"

గడప దగ్గర బీడీ తాగుతున్న నాయన అప్పుడు నోరు తెరిచాడు. "వాడు చెప్పేది నిజమేలే. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడతాది. తీసెయ్."

అమ్మ తీసేసింది. తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిల్ల తోడు లేకుండా పోతోందని అమ్మ అనుకుంటోంది. నాకు తోచింది వేరు. చదవగలిగే నేను పోతున్నాను, చదవలేని అమ్మ దగ్గర పుస్తకం ఉండిపోతోంది. రేపటి నుంచి అది ఇంట్లో ఒక ఇటుకతో సమానం. ఆ మాట పైకి అనలేదు. అని ఉంటే అమ్మ నన్ను పోనిచ్చేది కాదేమో.

ఒకసారి మొదలయ్యాక మామ ఆగలేదు. పాటల పుస్తకం తీశాడు. పాస్టరమ్మ దగ్గర నేర్చుకుని రంగుదారాలతో నేను వాక్యం కుట్టిన దిండు గలీబు తీశాడు. పండుగ నాడు చర్చి ముందు నక్షత్రం కింద మేమంతా నిలబడి దిగిన ఫోటో తీశాడు. చివరికి తెల్ల ఓణీ కూడా తీసి పక్కన పడేశాడు.

"తెల్ల గుడ్డకు కూడా మతముంటుందా మామా?" అన్నాను.

"ఎతికేవాళ్లకు అన్నిటికీ ఉంటాది పాపా" అన్నాడు. కోపం లేకుండానే అన్నాడు. ఆఫీసులో ఆయన్ను కూడా అట్లా వెతికినవాళ్లు ఉండే ఉంటారని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం, నా బట్టల్లో చెయ్యి పెట్టడానికి ఈయనెవరని కడుపు రగిలిపోయింది.

మామకు కూడా తట్టనిది ఒకటి మిగిలింది. దాన్ని నాయన కనిపెట్టాడు. అది నేను అన్నం తినే స్టీలు తట్ట. మా వైపు ఇంట్లో కొత్త స్టీలు సామాను వస్తే ముందు పేరు కొట్టించాలి. లేకుంటే పెళ్లిళ్లలో, చావుల్లో ఇంటింటి గిన్నెలూ కలిసిపోయి ఎవరివెవరివో తేలదు. నా తట్ట అంచు మీద చుక్కలు చుక్కలుగా నా పేరు కొట్టి ఉంది. బళ్లో పేరు కాదు, చర్చిలో పెట్టిన పేరు. ఆ పేరు చదివిన ఎవరికైనా ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. నాయన తట్ట చంకలో పెట్టుకుని పనికి పోయాడు. నాపరాళ్లను నునుపు చేసే రాయితోనే ఆ పేరు అరగదీసి సాయంత్రం తెచ్చాడు. బండల మీద అంత శ్రద్ధగా పనిచేసి ఉంటే మేస్త్రీ కూలి పెంచేవాడు. పేరున్న చోట బొటనవేలంత మేర గీతలు పడి తెల్లగా మెరుస్తోంది.

మామ తట్టను వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమప్పా బావా, ఇట్లా చేసినావు? పేరు గీకిన సామాను సూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? పాప యాడనో దొంగతనం చేసి తెచ్చిందనుకుంటారు."

నిజమే. మా వైపు పేరు గీకేసిన గిన్నె అంటే దొంగసొత్తే. నాయన ముఖం మాడిపోయింది. అమ్మ ఆ తట్ట తీసుకుని, పేరు పోయిన చోట వేలితో తడిమింది. చదవడం రాకపోయినా పేరు ఎక్కడుండేదో ఆమెకు తెలుసు. ఆమే కొట్టించింది. "ఈడే ఉండనీలే. నేను తింటా దీంట్లో" అని తీసుకుపోయి గూట్లో పెట్టింది.

మర్నాడు బస్సులో ఆ పెట్టె ఎత్తి పైన పెడుతూ, "ఏమే, ఖాళీ పెట్టె తీసుకోని పోతాండావా?" అన్నాడు నాయన. తేలిగ్గా ఉందని సంతోషంగా అన్నాడు.

నా రూమ్మేట్ దూరపు జిల్లా అమ్మాయి. ఆమె సూట్‌కేసులోంచి ముందు బయటికొచ్చింది చిన్న చెక్క మందిరం. తర్వాత దీపపు కుంది, గంట, కర్పూరం డబ్బా, గాజు ఫ్రేముల పటాలు. దారిలో పటాల గాజు పగలకుండా వాళ్లమ్మ చీరలు చుట్టి పంపిందట. వాళ్లింట్లో పంచాయితీ మాత్రం గాజు పగులుతుందా లేదా అని. అదంతా చూస్తూ నేను కడుపుమంటతో నిలబడ్డాను. ఆ అమ్మాయి చెడ్డదైతే నాకు ఎంతో సులువయ్యేది. కానీ మంచిది. ఇంటి నుంచి వచ్చిన అరిసెల్లో సగం నాకే పెట్టేది.

ఒక రోజు నా మంచం వైపు గోడ చూసి, "నీ వైపు ఒక్క పటం కూడా లేదేంటి, బోసిగా ఉంది. మీ ఇలవేల్పు ఎవరు?" అంది. "గంగమ్మ" అన్నాను. ఏ తల్లి గుడి మెట్టు నన్ను ఎక్కనివ్వలేదో ఆమె పేరే నోటికొచ్చింది. గంగమ్మ పటం దొరకలేదని, తన దగ్గరున్న లక్ష్మీదేవి క్యాలెండరు బొమ్మ కత్తిరించి నా మంచం పైన అంటించింది. నేనే పిండి ఉడికించి జిగురు చేసి ఇచ్చాను.

చలికాలం మొదట్లో ఒక శుక్రవారం, చెప్పా పెట్టకుండా అమ్మానాయన వచ్చారు. మగవాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి నాయన గేటు బయటే ఉండిపోయాడు. అమ్మ సంచి పట్టుకుని రూములోకి వచ్చి, నన్ను చూడకముందే నా మంచం పైన గోడను చూసింది. చదువు రాని మనిషికి బొమ్మలు బాగా అర్థమవుతాయి. సంచి కింద పెట్టింది.

అప్పుడే తలస్నానం చేసి వచ్చిన రూమ్మేట్ అమ్మను చూసి సంబరపడింది. దీపం పెట్టి, పూజ ముగించి, కుంకుమ భరిణ పట్టుకుని మా వైపు వచ్చింది. శుక్రవారం ఇంటికొచ్చిన ముత్తైదువను బొట్టు పెట్టకుండా పంపరు కదా. దగ్గరికొచ్చి అమ్మ నుదురు చూసి ఆగిపోయింది.

"అయ్యో, ఒట్టి నుదురేంటమ్మా?"

నేను బడి రోజుల నుంచీ స్టిక్కరు పెట్టుకునేదాన్ని. అమ్మ బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి బొట్టు ముట్టలేదు. అందుకోసం అత్తగారితో మాటలు పడింది, పొలం దగ్గర పెద్దింటి ఆడవాళ్లు "మొగుడుండంగానే ముండమోసినావా" అంటే అవీ పడింది. అయిపోయింది, ఇంక అర్జీ, ఎంక్వైరీ, పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను. నోరు తెరిచి ఏదో అబద్ధం చెప్పబోయాను, ఒక్కటీ తోచలేదు.

"బస్సులో చెమటకు యాడ కారిపోయిందో తల్లీ" అంది అమ్మ. నేను చిన్న అబద్ధమాడినా వాతలు తేలేట్టు కొట్టిన అమ్మ. తల వంచి ముఖం ముందుకు పెట్టి, "పెట్టమ్మా" అంది.

ఆ అమ్మాయి ప్రేమగా, గుండ్రంగా, పెద్దది పెట్టింది. అమ్మ మందిరం వైపు తిరిగి దండం పెట్టింది. మళ్లీ నా గోడ వైపు తిరిగి దానికీ పెట్టింది. ఎవరూ నేర్పకుండానే, ఏ తప్పూ లేకుండా అంతా చేసింది. ఎట్లా చేస్తారో జీవితమంతా బయట నిలబడి చూసింది కదా.

గేటు వైపు నడుస్తున్నప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. "అమ్మా, తుడుచుకోమ్మా" అని చున్నీ కొస ఇచ్చాను. అమ్మ నా చెయ్యి తోసేసింది. గేటు దగ్గర నాయన ఎదురొచ్చి, ఆమె నుదురు చూసి, నోరు తెరిచాడు.

"ఏమీ అడగాకు" అంది అమ్మ. "బస్సు ఊరు దాటినాంక తుడుచుకుంటా. ఈడ ఎవురన్నా సూస్తే పాప సీటు పోతాది."