పడవలన్నీ ఒడ్డెక్కాక అండమాన్

2023 మార్చి నెలాఖరు. మచిలీపట్నం కోనేరు సెంటరుకి దగ్గర్లో, మందుల షాపు మీద మేడగది మా ట్రావెల్స్ ఆఫీసు. ఒక టేబులు, మూడు కుర్చీలు, గోడకి నీలం సముద్రమూ కొబ్బరిచెట్టూ ఉన్న పోస్టరు. కిటికీ ఎండకి ఆ సముద్రం వెలిసిపోయి సున్నపు తేటలా తయారైంది. మార్చమని మా ఆవిడ ఏటా చెబుతుంది. నాకు ఓపిక లేదు.

ఓపిక సంగతి ముందే చెప్పేస్తే మంచిది. మొదట్లో కాశీ, రామేశ్వరం బస్సు యాత్రలు నడిపాను. తర్వాత జనానికి దీవుల మీద మోజు పుట్టింది, నేనూ అండమాన్ పట్టుకున్నాను. గుడివాడ డాక్టరుగారైనా, పామర్రు బియ్యం వ్యాపారైనా, పెదపారుపూడి రైతైనా కుర్చీలో కూర్చోగానే అనే మాట ఒకటే: "ఫోన్లో ఇంకా తక్కువకి చూపిస్తోందేంటండీ?" బయల్దేరేముందు పూటకి పదిసార్లు ఫోన్ చేసిన మనిషే, తిరిగొచ్చాక బజార్లో కనబడితే మొహం తిప్పుకుంటాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని పెద్దలు ఊరికే అనలేదు. వాళ్ళ కాలంలో కూడా టూర్ ఆపరేటర్లు ఉండే ఉంటారు.

అడిగినవాళ్ళకి అడగనివాళ్ళకి నేను చెప్పే నాలుగు ముక్కలు ఉన్నాయి. అండమాన్‌కి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. మే సగం దాటితే వానలు దిగుతాయి, ఓడలు ఎప్పుడు ఆగిపోతాయో ఎవరూ చెప్పలేరు. ప్లాన్‌లో ఒక బఫర్ డే ఉంచుకోవాలి, అంటే ఏ పనీ పెట్టుకోని ఖాళీ రోజు. దీవి నుంచి వచ్చే ఫెర్రీకీ ఇంటికొచ్చే విమానానికీ మధ్య అది లేకపోతే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి. టికెట్టు మీద పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. విమానంలో ఎండుకొబ్బరి ఒప్పుకోరు. తీరం మీద గవ్వ కనబడినా, పగడపు ముక్క కనబడినా జేబులో వేసుకోకూడదు, తిరుగు ప్రయాణంలో పట్టుకుంటారు. ఇవన్నీ చెప్పి చెప్పి నా నోటికి రుచి పోయింది.

అలాంటి ఒక మధ్యాహ్నం నాంచారమ్మ మెట్లెక్కి వచ్చింది. చేపల బజార్లో కూర్చుని అమ్మే మనిషి, యాభై దాటి ఉంటాయి. ఖాళీ గంప మెట్ల దగ్గరే వదిలేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"అండమాను ఓడ ఎక్కిస్తారంట కదండీ మీరు?"

"ఎక్కిస్తామండీ. ఎంతమంది?"

"నేనూ, బజార్లో నా పక్కన కూచునేవోళ్ళు నలుగురూ. ఎక్కిస్తే మాత్రం వేట నిషేధంలోనే ఎక్కించాలి. పడవలన్నీ ఒడ్డునుంటేనే నేను కాలు పెడతా."

తూర్పు తీరంలో ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో ఇంజను బోట్లు వేటకి వెళ్ళకూడదు. అదీ వేట నిషేధం. నాకేమో అది సీజను చివర, పైగా బడి సెలవులు కాబట్టి విమానం ఖర్చు తడిసి మోపెడవుతుంది. చలికాలంలో వెళ్ళండమ్మా అని నా పాత పాట అందుకున్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుని నిదానంగా అసలు సంగతి చెప్పింది.

వాళ్ళలో ఆడవాళ్ళు వేట పడవ ఎక్కరు. ఎక్కితే వల ఖాళీగా వస్తుందని, పడవకి కీడని తాతల నాటి నమ్మకం. నాంచారమ్మ భర్త వీరాస్వామికి, కొడుకు నాగేంద్రానికి కలిపి గిలకలదిండి రేవులో ఒక బోటు ఉంది. అది నీళ్ళ మీద ఉండగా ఈవిడ ఏ ఓడైనా ఎక్కితే, ఆ తర్వాత వల చిరిగినా, ఇంజను ఆగినా, ఖర్మ కాలి మనిషికేమన్నా అయినా, ఊరంతా వేలు చూపించేది ఈవిడ వైపే.

"ఆ మాట పడి నేను ఇంట్లో బతకలేనండీ," అంది. "అట్టాగని చూడకుండా చావలేను. పెళ్ళైన కాడ్నుంచీ సముద్రం తెచ్చింది అమ్ముకుంటున్నా. మా ఆయన ఎక్కడికి పోయొస్తున్నాడో, అక్కడ ఎట్టా ఉంటదో తెలీదు. ఒడ్డున నిలబడి చూడ్డమేగానీ, లోపలినుంచి చూళ్ళేదు."

నా కుర్చీలో కూర్చున్నవాళ్ళందరూ అడుగున గాజు ఉన్న పడవ ఉందా, బఫే ఉందా అని అడిగారు. ఇలా అడిగిన మనిషి ఈవిడే. ఏప్రిల్ ఆఖరి వారానికి, గుడివాడ నుంచి వెళ్తున్న ఒక గ్రూపుతో కలిపి అయిదు టికెట్లు వేశాను.

రెండు రోజులు తిరక్కుండానే వీరాస్వామి వచ్చాడు. సన్నటి మనిషి, ఉప్పుగాలికి ఎండిన మొహం. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ టికెట్లు తీసేయండి సార్."

"ఆవిడ బుక్ చేశారు. రద్దు కూడా ఆవిడే చెప్పాలండీ. మా దగ్గర పద్ధతి అది."

"ఆడది సముద్రం మీదికి పోగూడదండీ. మీకు తెలవదు."

"మీ బోటు ఒడ్డునే ఉంటుందిగా?"

"బోటు సంగతి కాదు సార్..." అని ఆగిపోయాడు. ఇంకేదో ఉంది, బయటికి రావడంలేదు. గోడ మీద వెలిసిపోయిన సముద్రం వైపు కాసేపు చూసి, చెప్పులేసుకుని దిగిపోయాడు. నాకు మాత్రం తలనొప్పి పట్టుకుంది. ఆలుమగల తగువులో ఏజెంటు నలగడం ఈ వృత్తిలో మామూలే.

మర్నాడు నాంచారమ్మే వచ్చింది. రద్దు చెయ్యమంటుందేమో అనుకున్నాను.

"మాది దివిసీమండీ, ఎదురుమొండి. చుట్టూ నీళ్ళే. పెళ్ళికూతురి బట్టల్తో, జనాన్ని దాటించే పంటెక్కి, ఏరు దాటి మా ఆయన కాడికొచ్చా. అప్పుడు లేని దోషం ఇప్పుడెక్కడిదీ అన్నా. అది ఏరు, ఇది సముద్రం అన్నాడు. ఏరు పోయి కలిసేది యాడ అన్నా."

"ఏమన్నారు మరి?"

"అన్నం కలుపుకుని తిన్నాడు." మళ్ళీ తనే అంది: "చేపలు పట్టేది పడవ. టికెట్టు కొట్టేది పంటు. మీ అండమాను ఓడ పంటేనండీ, కాస్త పెద్దది. అయినా మా బోటు ఒడ్డునుండాల్సిందే. ఆయన మాట ఆయనకి దక్కాలిగా."

గన్నవరంలో ఎక్కి చెన్నైలో మారి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాం. నేను కూడా గ్రూపుతోపాటే వెళ్ళాను, టూర్ మేనేజరు అనే పెద్ద పేరు పెట్టుకుని. నిజానికి ఆ ఉద్యోగం సామాన్లు లెక్కపెట్టడమూ, టీ ఎక్కడ దొరుకుతుందో చెప్పడమూ. మర్నాడు పొద్దున్నే స్వరాజ్ ద్వీప్ అనే దీవికి ప్రైవేటు ఫెర్రీ. రేవులో లైను కట్టాం, ఆధార్ కార్డులు చూపించాం, గుడివాడ వాళ్ళంతా లోపలికెళ్ళారు. నాంచారమ్మ ఓడ మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఫోన్ మోగింది. కోడలు.

కోడలి గొంతు నాకూ వినిపించింది. "అత్తా, ఎక్కావా? ఇక్కడ కూరకేం లేదని మీ అబ్బాయి తెప్పేసుకుని పోయాడు, పొద్దున్నే."

నాంచారమ్మ మెట్టు మీదికెత్తిన కాలు వెనక్కి తీసుకుంది.

నిషేధం ఇంజను బోట్లకే. చేత్తో నడిపే తెప్పలకి అడ్డు లేదు. ఈ సంగతి నాకు తెలీదు. ఆవిడకి తెలుసుగానీ, నాలుగు కూర చేపల కోసం కొడుకు వెళ్తాడని అనుకోలేదు.

"వాడు ఒడ్డెక్కిందాకా నేనెక్కనండీ."

"అమ్మా, ఇది ఆగదు. బస్సు కాదు."

"ఆపమన్లేదుగా. పోనీండి."

తోటి ఆడవాళ్ళు నలుగురూ మేమూ దిగిపోతామన్నారు. "మీ ఇళ్ళ తెప్పలు ఒడ్డునే ఉన్నయిగా, ఎక్కండే," అని కసిరి పంపించింది. గ్రూపుని అక్కడి గైడుకి అప్పగించి నేను ఆగిపోయాను. ఫెర్రీ వెళ్ళిపోయింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఎండ, ఉక్క, నిద్రలేని కళ్ళు, పైగా రెండు టికెట్లు నీళ్ళపాలు. ఈ ఏడాదితో ఈ ఆఫీసు మూసేసి ఏదైనా జెరాక్సు షాపు పెట్టుకోవాలని ఆ రేవు బెంచీ మీద కూర్చుని గట్టిగా అనుకున్నాను.

ఆవిడ పక్కనే కూర్చుంది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని ఆ నీళ్ళనే చూస్తోంది.

"మీకు విసుగొచ్చుద్దని తెలుసండీ," అంది. "మా ఇంట్లో మగోళ్ళు నీళ్ళ మీదుంటే వీధి తలుపు దగ్గరికెయ్యం. ఎండైనా వానైనా తెరిచే ఉంచుతాం. ఇంట్లో ఆడమనిషి చేసేదదే. తెరుచుకుని కూచోడం. నేను ఇక్కడ ఓడెక్కితే ఆ తలుపు కాడ ఎవరున్నట్టు?"

టీ తెచ్చిచ్చాను. మా లోకల్ ఏజెంటుని బతిమాలి మధ్యాహ్నం గవర్నమెంటు ఓడలో రెండు సీట్లు అడిగాను. అప్పటికీ తెప్ప తిరిగి రాకపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు. ఆవిడకి అదొక్కటే అవకాశం. మళ్ళీ ఇంత దూరం ఇంట్లోవాళ్ళు రానివ్వరు, వచ్చే స్తోమతా ఆవిడకి లేదు.

ఎండ నెత్తి మీదికి వచ్చే వేళకి ఫోన్ మోగింది. వీరాస్వామి. ఆవిడ స్పీకర్ నొక్కింది.

"ఏమే. తెప్ప లాగేశాం."

"అబ్బాయేడీ?"

"ఇక్కడే ఉన్నాడు, తిట్లు తింటన్నాడు. బోటు రేవులో ఉంది. ఇంక నీళ్ళ మీద మనదేం లేదు."

"ఎక్కమంటన్నావా?"

"నేనేం అంటంలేదు. నీళ్ళ మీద మనదేం లేదని చెప్తన్నా."

ఫోన్ పెట్టేశాడు. నాంచారమ్మ లేచి నిలబడి, కొంగు బొడ్లో దోపుకుని, "ఏదండీ మీ ఓడ?" అంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రైవేటు ఫెర్రీలు వేగంగా పోతాయి, కానీ ఏసీ, మూసిన అద్దాలు. సినిమా హాల్లో కూర్చున్నట్టే. గవర్నమెంటు ఓడ మెల్లగా పోతుంది, సీట్లు గట్టిగా ఉంటాయి, కానీ పైకెళ్ళి డెక్ మీద నిలబడొచ్చు. పొద్దున్న ఓడ ఎక్కి ఉంటే ఆవిడ సముద్రాన్ని అద్దంలోంచి చూసి వచ్చేది. ఇప్పుడు నన్నెవరైనా అడిగితే ఒకవైపైనా గవర్నమెంటు ఓడలో వెళ్ళమంటాను.

డెక్ మీద ఒక పక్క దీవుల పచ్చటి గీత కనిపిస్తూనే ఉంది. అందరూ అటే ఫొటోలు తీసుకుంటున్నారు. ఆవిడ రెండో పక్కకి వెళ్ళి కమ్మీ పట్టుకుంది. అటు ఏమీ లేదు. కొంగు ముడిలోంచి చిటికెడు పసుపు తీసి గాలికి వదిలి దణ్ణం పెట్టుకుంది. ఆ తర్వాత మళ్ళీ కమ్మీ పట్టుకుని అటే చూస్తూ ఉండిపోయింది. వాంతుల బిళ్ళ వేసుకున్నారా అని అడుగుదామని దగ్గరికెళ్తే, కళ్ళనిండా నీళ్ళు.

"ఏమీ లేదండీ ఇక్కడ," అంది. "ఇంత ఏమీ లేనిచోటికి రోజూ ఎట్టా పోతన్నారండీ వాళ్ళు? ఇంటికొచ్చి ఒక్కమాటైనా చెప్పడే మనిషి!"

ఎన్నోసార్లు ఆ ఓడ ఎక్కాను. ఎప్పుడూ సామాన్లు లెక్కపెట్టడమే సరిపోయింది, అటువైపు తిరిగి చూసింది లేదు. దీవిలో దిగగానే ఆవిడ మొదట చేసిన పని మొగుడికి ఫోన్ చెయ్యడం. "దిగాను" అంది, అంతే. వచ్చేటప్పుడు కూడా పోర్ట్ బ్లెయిర్ రేవులో కాలు పెట్టగానే అదే మాట.

ఆ ప్రయాణం తర్వాత నేను ఆఫీసు మూయలేదు, పోస్టరూ మార్చలేదు. విసుగు అలాగే ఉంది. ఒకటే మారింది. అండమాన్ అయినా అయోధ్య అయినా, ఎవరు వచ్చినా హోటలు, భోజనం, సీట్లు మాట్లాడటానికి ముందే "ఇంటి దగ్గర ఎవరుంటున్నారండీ? వాళ్ళకి ఏ పూట ఫోన్ చేస్తారు?" అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. కొందరు అది మీకెందుకంటారు. వెళ్ళేవాళ్ళ ప్రయాణం ఒక్కటే నేను ఇన్నాళ్ళూ ప్లాన్ చేశాను. ఉండిపోయేవాళ్ళకి కూడా అదొక ప్రయాణమేనని నాకు తెలిసింది గన్నవరం నుంచి తిరిగొచ్చి నాంచారమ్మని ఇంటి దగ్గర దింపిన మధ్యాహ్నం.

వాళ్ళ వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. గదిలో సగందాకా ఇసుక కొట్టుకొచ్చింది. మంచం మీద ఒక కోడి దర్జాగా పడుకుని ఉంది. వీరాస్వామి గుమ్మం పక్కన నేలమీద, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కోడలు నాతో మెల్లగా చెప్పింది: ఆవిడ రేవులో ఆగిపోయిన ఆ పొద్దున, కొడుకుని వెనక్కి పిలవడానికి ఒడ్డున కర్రకి తువాలు కట్టి తెప్ప తిరిగొచ్చేదాకా ఊపింది ఆయనేనట. ఆవిడ వెళ్ళిన దగ్గర్నుంచీ తలుపు దగ్గరికి వెయ్యనివ్వలేదట, కుక్కలు దూరి కూరగిన్నె నాకేసినా సరే.

నాంచారమ్మ గుమ్మం ముందు నిలబడి ఆ ఇసుకనీ, కోడినీ, మొగుణ్ణీ చూసింది. లోపలికెళ్ళింది. వీరాస్వామి లేచి, నావైపైనా చూడకుండా, ఆవిడ వెనకాలే వెళ్ళి తలుపేసేశాడు. ఆవిడ సంచీ ఇంకా నా చేతిలోనే ఉంది.